చిట్టీ, ఆ ప్యాకెట్ విప్పకు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కూతురు విల్లు పట్టుకుని అడవికి పోతానంటోంది, పోలికంతా నీదే, నువ్వే చెప్పుకో" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ పెన్సిల్వేనియాలో 20 ఏళ్లుగా జింకల వేటకి వెళ్తున్నాను. మన ఇంట్లో నా తర్వాత విల్లు పట్టేది నువ్వే. గర్వంగా ఉంది తల్లీ. కానీ పొద్దున్నే నువ్వు పంపిన ఫొటో చూడగానే గుండె గుభేలుమంది. ఆ మెకానికల్ బ్రాడ్‌హెడ్ల ప్యాకెట్, అదే, తగిలాక బ్లేడ్లు విచ్చుకునే బాణం ములుకులవి, మాత్రం విప్పకు. విప్పకపోతే షాపువాళ్లు మార్చి ఇస్తారేమో అడుగు.

హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయిపోయిందన్నావు, మంచిది. చెట్టెక్కే ముందే, పడిపోకుండా పట్టి ఉంచే హార్నెస్ కట్టుకో. విల్లుని తాడుతో పైకి లాక్కో. ములికిని వేళ్లతో కాదు, రెంచితో బిగించు. ఇవన్నీ క్లాసులో చెప్పే ఉంటారు.

షాపులో కుర్రాడు ఏం చెప్పాడో నాకు తెలుసు. రెండంగుళాల గాయం, నెత్తుటి జాడ పట్టడం తేలిక, సాధనకి వాడే బ్లేడ్లు లేని ములికి, ఫీల్డ్ పాయింట్, పోయినట్టే సూటిగా పోతుంది. అబద్ధమేమీ కాదు. కానీ నీ విల్లు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలని అడిగాడా? నీది 42. ఇక్కడ చట్టం 35 ఉంటే చాలంటుంది కాబట్టి విల్లుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆ ములికితోనే. దాని బ్లేడ్లు ముడుచుకుని ఎగిరి, చర్మానికి తగిలాక విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడానికే బాణం బలం కొంత ఖర్చైపోతుంది. ఆపైన రెండంగుళాల వెడల్పున కోసుకుంటూ పోవాలి. మీ బాబాయ్ విల్లు 65 పౌండ్లు, ఆయన మెకానికలే వాడతారు. నేను ఏనాడూ వద్దనలేదు. నీకూ నాకూ అంత మిగులు బలం లేదు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నా మూడో సీజన్లో అప్పటి 45 పౌండ్ల విల్లుకి అలాంటివే బిగించుకుని కూర్చున్నాను. సాయంత్రం ఓక్ చెట్ల కింద గింజలు ఏరుకుంటూ ఒక ఆడజింక వచ్చింది. 18 గజాలు. పూర్తిగా పక్కకి తిరగలేదు, రొమ్ము కాస్త నా వైపే ఉంది. ఇంకో రెండు అడుగులు వేయనివ్వాల్సింది. చేతులు వణుకుతున్నాయి, మళ్ళీ ఇంత దగ్గరికి వస్తుందో రాదో అని వదిలేశాను. ఊపిరితిత్తులకి తగిలితే వచ్చే మెత్తటి చప్పుడు కాదు, చెక్క మీద కొట్టినట్టు టప్పుమంది. భుజం ఎముక. బాణం సగానికి పైగా బయటే ఊగుతుండగా పరుగెత్తిపోయింది.

అప్పుడు ఇంకో తప్పు చేశాను. పది నిమిషాలైనా ఆగకుండా దిగాను. అరవై అడుగుల దూరంలో బాణం దొరికింది. చేతిలోకి తీసుకుని చూస్తే నెత్తురు ములికి నుంచి నాలుగు వేళ్ల మేర మాత్రమే అంటింది. ఒక బ్లేడు వంకరపోయింది, రెండోది సగమే విచ్చుకుంది. ఆ నాలుగు వేళ్ల మరక ఈరోజుకీ కళ్ల ముందు ఉంటుంది. ఆకుల మీద చుక్కలు కొంత దూరం కనపడ్డాయి, ఆ తర్వాత లేవు. టార్చితో అర్ధరాత్రి దాకా, మర్నాడంతా, బాబాయ్ నేనూ వరసలు కట్టుకుని వెతికాం. దొరకలేదు. అది ఎక్కడో కుంటుకుంటూ తిరుగుతోందో, ఏ పొదలో పడి ఉందో తెలియకుండానే ఇంటికొచ్చి, పడుకుని ఏడ్చాను. తప్పంతా ములికిదే అనను. ఆ కోణంలో అసలు వేయకూడదు, నువ్వూ వేయకు. పక్కకి తిరిగి నిలబడితేనో, అవతలి వైపు కాస్త తిరిగి ఉంటేనో వెయ్యి. లేదంటే వెళ్లనీ.

నీకు కావాల్సింది రెండు బ్లేడ్ల ఫిక్స్‌డ్, అంటే బ్లేడ్లు ముడుచుకోనిది, మొన నుంచే పదునున్నది. వెడల్పు అంగుళం పైన కొద్దిగా ఉన్నా చాలు. చట్టం అడిగేది 7/8 అంగుళమే. విచ్చుకునే పని లేదు, తగిలిన క్షణం నుంచే కోస్తుంది, అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది. రెండు వైపులా రంధ్రం ఉంటేనే జాడ నేల మీద బాగా పడుతుంది. ఒక కష్టం ఉంది. బ్లేడ్లు గాలిని పట్టుకుంటాయి, బాణం విల్లు నుంచి ఏమాత్రం వంకరగా వెళ్లినా అటే లాగేస్తాయి. అందుకే సీజన్ మొదలయ్యే దాకా ఆగకు. 100 గ్రెయిన్ల బరువున్న ఫీల్డ్ పాయింటు ఒకటి, 100 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ ఒకటి, 20 గజాల నుంచి ఫోమ్ టార్గెట్‌కి వేసి చూడు. సంచి టార్గెట్‌కి వేశావంటే చింపేస్తుంది. బ్రాడ్‌హెడ్ ఎడమకి పడుతుంటే, విల్లు మీద బాణం ఆనే రెస్ట్‌ని ఆవగింజంత కుడికి జరుపు. మళ్ళీ వెయ్యి. రెండూ ఒకేచోట పడేదాకా విసుక్కోకు. విసుక్కుంటావని తెలుసు, చిన్నప్పుడు జడ వేయించుకునేటప్పుడు కూడా అంతే.

టార్గెట్‌కి వేసిన ములికిని వేటకి తీసుకెళ్లకు, పదును పోతుంది. సాగదీసిన రబ్బరు బ్యాండ్ మీద ఆనిస్తే అదే తెగాలి. తెగకపోతే మళ్ళీ నూరు.

వేశాక, పడిపోవడం కళ్లారా చూస్తే తప్ప అరగంట కదలకు. బాణం మీద నురగ నెత్తురుంటే ఊపిరితిత్తులు, వెతుకు. పచ్చగా, వాసనగా ఉంటే పొట్ట, ఏడెనిమిది గంటలు దాని వెనక పోకు, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే.

శనివారం వస్తున్నాను. నా దగ్గర నూరి పెట్టుకున్నవి మూడున్నాయి, తెస్తాను. టార్గెట్ నువ్వు పెట్టి ఉంచు.

మీ పిన్ని