మైకు మా వీధిలోకి రాలేదు

మీ ఆరోగ్యం, మీ ఉత్తరాలు. జవాబులు: కోనసీమ పల్లెల్లో 33 ఏళ్లు ఏఎన్‌ఎంగా, హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నర్సమ్మ

ప్రశ్న: నర్సమ్మగారికి నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. కిందటేడు వరద తీసిన నాలుగో రోజున మంచినీళ్ల పైపులో మురుగు కలిసిందని, నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఆటోకి మైకు కట్టి చెప్పారట. ఆ ఆటో సెంటరుదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. మా ఇల్లు కొబ్బరితోట చివర. ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారట గానీ, అప్పటికే గోదాట్లో విషం కలిసిందని, పిల్లలు పడిపోతున్నారని ఎవరిదో గొంతు పాతికసార్లు వచ్చింది. దాని మధ్య అసలు కబురు మాకు కనబడలేదు. ఆ నీళ్లే తాగాం. మా మావయ్యగారికి వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆస్పత్రిలో నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. మళ్లీ వరదల రోజులొస్తున్నాయి. నిజం కబురు మాకు వేళకి అందాలంటే ఏం చేయాలి? ఏది నమ్మాలి?

జవాబు: అమ్మా, మీ మావయ్యగారు కోలుకున్నందుకు సంతోషం. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. చివరింటికి వినబడని కబురు చెప్పినట్టు లెక్క కాదు.

లంకల్లో పుట్టిన పిల్లాడిని ఎవరినైనా అడగండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది అని గడగడా చెప్తాడు. భద్రాచలంలో 43 అడుగులు అని రేడియోలో వినగానే ఇక్కడ గేదెల్ని గట్టు మీదికి తోలేస్తాం. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటిందన్నప్పుడు మూటాముల్లే సర్దుకోవడానికి మనవాళ్లెవరూ మైకు కోసం చూడలేదు. నీటికి గేజి ఉంది, దాన్ని చదవడం మనకి తాతల నాటినుంచీ వచ్చు. జబ్బుకి అలాంటి గేజి ఎవరూ పాతలేదు. పైగా వరద వచ్చేటప్పుడు ఉన్న హడావుడి తీసేటప్పుడు ఉండదు. పులిహోర పొట్లాలు, పడవలు, నాయకులు అన్నీ వెళ్లిపోతాయి. విరేచనాలు, జ్వరాలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

2006 ఆగస్టు వరదలు తీశాక నా సబ్‌సెంటరు కింద ఉన్న ఒక లంకలో మీకు జరిగినట్టే జరిగింది. నాకు ఆ సంగతి ఏ ఆఫీసూ చెప్పలేదు. పాకహోటల్లో ఇడ్లీలు వేసే ఒకావిడ చెప్పింది. రేవు ఎక్కి వస్తుంటే పిలిచి, "నర్సమ్మగారండీ, గుడి వీధోళ్లు నిన్నట్నించీ ఇడ్లీకి రావట్లేదండి. ముగ్గురు మగాళ్లు ఒకేసారి మానేత్తారేటండీ?" అంది. వెళ్లి చూస్తే నాలుగిళ్లలో ఏడుగురు మంచం మీద ఉన్నారు. విరేచనాలని చెప్పుకోవడానికి ఆడవాళ్లు సిగ్గుపడ్డారు. పెద్దవాళ్లు దిష్టి తీయించి ఊరుకున్నారు. కుళాయి నీళ్లు గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ పరీక్ష చుక్కలు వేశాను. మందు కలిపిన నీళ్లయితే పసుపు తిరగాలి. ఒక్క పిసరు కూడా రంగు రాలేదు. ట్యాంకు దగ్గర రిజిస్టరు తెప్పిస్తే, ఆ రోజుకి సైతం బ్లీచింగ్ కలిపినట్టు సంతకం ఉంది. ఆ సంతకం నాకింకా కళ్లలో మెదులుతూనే ఉంటుంది. తూము పక్కన మురుగు కాలవలో మునిగి ఉన్న జాయింటు దగ్గర పైపు పగిలిందని సాయంత్రానికి తేలింది. కుళాయిలు కట్టించేసి, అవతలి గట్టు నుంచి పడవ మీద డ్రమ్ములతో నీళ్లు తెప్పించాం. ప్రాణాలు పోలేదు. ఒక రోజు ముందు నేను ఆ వీధిలోకి వెళ్లి ఉంటే ఆ ఏడుగురిలో సగం మంది పడేవాళ్లు కారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఊరెళ్లినా ముందు పాకహోటలు దగ్గర ఆగి నాలుగు మాటలు మాట్లాడాకే రిజిస్టరు తెరిచేదాన్ని.

అందుకే, అమ్మా, కబురు మీకెలా అందాలి అని మీరడిగారు గానీ, మీ కబురు పైకెలా వెళ్లాలో కూడా చెప్పకపోతే నా జవాబు కుంటుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఒకే వీధిలో మూడిళ్లకి విరేచనాలో, జ్వరాలో వస్తే, అదే మీ గేజి అనుకోండి. ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో ఆ పూటే ఫోన్ చేయండి. ఎవరి మీదా ఫిర్యాదు చేస్తున్నామని మొహమాటపడకండి. 2004లో కేంద్రం మొదలుపెట్టిన సమగ్ర వ్యాధి నిఘా పథకం నిలబడి ఉన్నది ఈ ఫోన్ మీదే. సబ్‌సెంటరులో లక్షణాల లెక్క, పీహెచ్‌సీలో డాక్టరు అనుమానించిన కేసుల లెక్క, ల్యాబులో తేలిన లెక్క, మూడూ జిల్లాకి వెళ్తాయి. మా కాలంలో వారానికోసారి కాగితాల మీద పంపేవాళ్లం. ఇప్పుడు ట్యాబుల్లో ఎక్కిస్తున్నారు. మీ వీధి గడిలో సున్నా ఉంటే జిల్లాలో కూర్చున్నవాళ్లకి మీ వీధి క్షేమంగా ఉన్నట్టే.

ఇక మీకు అందే దారి. క్యాలెండరు మేకుకి ఒక అట్టముక్క తగిలించండి. దాని మీద ఆశా, ఏఎన్‌ఎం, పంచాయతీ కార్యదర్శి, వాటర్ ట్యాంకు దగ్గర నీళ్లు వదిలే మనిషి, ఈ నలుగురి నంబర్లూ పెద్ద అక్షరాలతో రాయండి. ఆ చివరి మనిషిని అందరూ మరిచిపోతారు. పైపు పగిలినా, మోటారు ఆగినా, మందు అయిపోయినా మొదట తెలిసేది అతనికే. వాటి కింద 104, 108, జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్ర కంట్రోల్ రూము 1070. ఫోన్లోనే ఉన్నాయిగా అనకండి. వరదలో రెండో రోజుకి ఛార్జింగ్ ఉండదు. అట్ట ఉంటే ఎవరి ఫోన్ నుంచైనా చేయొచ్చు.

మీ తోట చివరికి కబురు రావడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి పాతదే. 1996 నవంబరు తుఫాను తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారి పొడుగునా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. టముకు వేసే మనిషితో, చివరింటి గడప తాకి, ఆ ఇంటావిడ పేరు అడిగి వచ్చి మాకు చెప్పమనేవాళ్లం. పేరు చెప్పగలిగితేనే కబురు చేరినట్టు. మీరు కూడా అలాగే చేయండి. సెంటరు నుంచి తోట చివరికి పదిళ్లుంటే, ప్రతి ఇల్లూ తర్వాతి ఇంటికి చెప్పాలి. చివరింటివాళ్లు మొదటింటికి ఫోన్ చేసి "అందింది" అనాలి. ఆ ఫోన్ రాకపోతే మొదటింటివాళ్లు లేచి నడిచి రావాలి. మీదే చివరిల్లు కాబట్టి ఈ పని మొదలుపెట్టమని అడిగే హక్కు అందరికంటే మీకే ఎక్కువ.

వాట్సాప్ సంగతి. కార్యదర్శిగారిని అడిగి ఊరికి రెండో గ్రూపు పెట్టించండి. అందులో కార్యదర్శి, ఏఎన్‌ఎం తప్ప ఇంకెవరూ రాయడానికి వీల్లేకుండా చేయవచ్చు. దండాలు, దేవుడి బొమ్మలు పాత గ్రూపులోనే ఉంటాయి, ఎవరికీ కష్టం లేదు. 2023లో అందరి ఫోన్లూ ఒక్కసారిగా గట్టిగా మోగి టెస్టు మెసేజి రావడం గుర్తుందా? తుఫాను, వరద హెచ్చరికలు ఇకమీదట అలా కూడా వస్తాయి. మోత భయంగా ఉందని సెట్టింగుల్లో దాన్ని ఆపేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మీ పిల్లలతో ఒకసారి చూపించుకుని తిరిగి పెట్టించండి.

ఏది నమ్మాలన్నారు. నిజమైన హెచ్చరికలో ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చెప్తున్నారు, మీరు చేయాల్సిందేమిటి, ఈ నాలుగూ ఉంటాయి. మీకు వచ్చిన ఆ గొంతులో నాలుగింటిలో ఒక్కటైనా ఉందా? విషం అంది, ఏం చేయాలో చెప్పలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు నా ఫోన్‌కి మొదటి రోజే పది కారణాలు వచ్చాయి, ఒక్కోటీ కళ్లతో చూసినట్టు. అసలు డాక్టర్లు మాత్రం "ఇంకా తెలియదు, పరీక్షలకి పంపాం" అన్నారు. కొన్ని రోజులకి గానీ రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడలేదు. అప్పట్లో "తెలియదు" అన్న ఆ మాట మీద జనానికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాట మీదే నమ్మకం కుదిరింది. నిజమైన కబురు రోజురోజుకీ మారుతుంది, నిన్నటిదాన్ని దిద్దుకుంటుంది. మీకు అనుమానం తగిలితే ముందుకి పంపకుండా ఏఎన్‌ఎంకి పంపి అడగండి. ఈలోపు నీళ్లు మాత్రం కాచుకోండి. కుతకుతా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. వదంతి అబద్ధమైనా కాచిన నీళ్లవల్ల ఎవరికీ నష్టం లేదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు ఇంట్లో ఉంచండి, ఒక్కో పొట్లం లీటరు నీళ్లలో. మావయ్యగారి వయసువాళ్లకి మూత్రం తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా ఇంట్లో ఆగకుండా 108కి చేయండి.

ప్రశ్న: మాది తణుకు పక్క ఊరు. 2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ అన్నప్పుడు నెలల తరబడి ఇంట్లో కోడి, గుడ్డు మానేశాం. హెచ్చరిక ఎప్పుడు పెట్టారో అందరూ చెప్పారు గానీ, ఎప్పుడు తీసేశారో ఎవరూ చెప్పలేదు. మళ్లీ వస్తే ఎలా?

జవాబు: చాలా మంచి ప్రశ్న, ఇది నన్ను ఎవరూ అడగలేదు. అప్పుడు వేల్పూరు దగ్గర, అటు పెరవలి మండలం కానూరు దగ్గర కోళ్లలో హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ వైరస్ ఉన్నట్టు భోపాల్ ల్యాబు తేల్చింది. చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం దానికున్న పద్ధతి. అంటే హెచ్చరికకి హద్దు ఉంది, గడువు ఉంది. మీ ఊరు ఆ 10 కిలోమీటర్లలో ఉందా లేదా, ఆంక్షలు ఎప్పుడు ఎత్తేశారు అన్నది మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడిని అడిగితే చెప్తారు. పెట్టినప్పుడు మైకులో చెప్పిన పంచాయతీని, తీసినప్పుడు కూడా చెప్పమని మీరు అడగాలి. లేకపోతే సగం మంది భయంతో తినడం మానేస్తారు, మిగతా సగం తర్వాతి హెచ్చరికను కూడా పట్టించుకోరు.

తిండి విషయానికొస్తే, 70 డిగ్రీలు దాటి లోపలిదాకా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఆ వైరస్ బతకదు. మన కోడికూర ఎలాగూ అంతకంటే బాగానే ఉడుకుతుంది. భయం పచ్చిమాంసం దగ్గర ఉంది. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఒక పసిపాప ఈ జబ్బుతో పోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. కాబట్టి కోసే చోటికి పిల్లల్ని రానివ్వకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పెరట్లో కోళ్లు గుంపుగా చస్తే ఉత్తచేతులతో పట్టుకోవద్దు, కాలవలో అసలే పారేయొద్దు. ఆ కాలవ నీళ్లే కింది ఊరివాళ్లు తాగుతారు.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ నరసాపురం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. 68 ఏళ్లు, చెవులు సరిగా వినబడవు, చేతిలో మామూలు చిన్న ఫోను. ఊళ్లో డెంగీ అని నాకు పేపర్లో తెలిసింది, ఆవిడకి తెలియదు.

జవాబు: బాబూ, మీరు ఎలాగూ ఫోన్ చేస్తారు కదా, ఆ ఫోను శుక్రవారం చేయండి. శుక్రవారం డ్రై డే. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోయాలని ఆ రోజు పెట్టారు. తొట్టె కడిగావా, పెరట్లో కొబ్బరి చిప్పలు, బొండాం డొక్కులు బోర్లించావా, కుళాయి నీళ్ల రంగు ఎలా ఉంది, పక్కిళ్లలో ఎవరికైనా జ్వరమా అని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తే ఇంకో ప్రశ్న కలపండి: ఊరి మంచినీళ్ల చెరువు ఎంతవరకు ఉంది? తర్వాత కాలవలు వదిలిన మొదటి రోజుల్లో ఆ కొత్త నీళ్లు పట్టుకోవద్దని చెప్పండి. అడుగునున్న చెత్తంతా వాటితోనే వస్తుంది.

వినబడని మనిషికి మైకు పనికిరాదు, ఫోనూ అంతంతమాత్రమే. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆశా కార్యకర్తను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, అమ్మ చెవుల సంగతి చెప్పండి. ఏ హెచ్చరికైనా గడపలోకి వచ్చి చేతితో చూపించి చెప్పమని అడగండి, ఆవిడ కాదనదు. ఊళ్లకి వచ్చి వైద్యం చేసే 104 బండి ఏ రోజు వస్తుందో కూడా కనుక్కోండి. జ్వరం రెండో రోజుకి తగ్గకపోతే రక్తపరీక్షకి తీసుకెళ్లే మనిషి ఎవరో ఇప్పుడే అనుకోండి. పక్కింటివాళ్ల నంబరు మీ ఫోన్లో ఉందా? లేకపోతే ఈ పేజీ మూసి అమ్మకి ఫోన్ చేసి ముందు ఆ నంబరు తీసుకోండి.