జలప్రళయం అసైన్‌మెంట్: ఏ పద్ధతి పట్టుకోవాలి?

కందుకూరు బ్రదర్, బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో నోవహు జలప్రళయం కథ ఉన్న 6–9 అధ్యాయాల మీద మూలాల విమర్శ రాయాలా, కథన విమర్శ రాయాలా, రెండూ పొసగడం లేదే అని అడిగారు. టెన్షన్ పడకండి, అవి అడిగే ప్రశ్నలే వేరు.

మొదటిది, అంటే మూలాల విమర్శ, ఈ పాఠం ఏయే పాత రచనలు కలిసి ఎలా తయారైందని అడుగుతుంది. 6:19లో ప్రతి జాతికీ రెండేసి, 7:2లో పవిత్ర జంతువులు ఏడేసి జతలు. 7:16 ఒక్కటే చూడండి: ఆజ్ఞ ఇచ్చింది దేవుడు, తలుపు మూసింది యెహోవా. 1753లో జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచ్ వైద్యుడు ఈ పేర్ల తేడా పట్టుకునే ఆదికాండాన్ని వేర్వేరు మూలాలుగా విడదీశాడు. హీబ్రూ రాకపోయినా మన తెలుగు బైబిల్లోనే రెండు రంగుల పెన్నులతో గీసుకోవచ్చు.

రెండోది, అంటే కథన విమర్శ, ఇప్పుడున్న రూపాన్నే ఒకే కథగా చదువుతుంది. రోజుల లెక్క 7, 40, 150 అని పెరిగి, మళ్లీ 150, 40, 7 అని దిగుతుంది. నడుమ 8:1లో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకుంటాడు. 1978లో బైబిల్ పండితుడు గోర్డన్ వెన్‌హామ్ చూపించింది ఈ అమరికే; ఇంత పొందిక ఉన్నప్పుడు మూలాలుగా విడదీయడం సరేనా అన్నది ఆయన అభ్యంతరం.

నేనైతే మొదటిదే ఎంచుకుంటాను, ఆధారాలు కళ్లెదుటే ఉన్నాయి గనుక. (ఆదివారం ప్రసంగానికి మాత్రం రెండోదే, లేకపోతే సంఘ పెద్దలు ఊరుకోరు!) వెన్‌హామ్ అభ్యంతరాన్ని చివర ఒక పేరాలో పెట్టండి. ఒంగోలు వెళ్లి సార్‌కు చూపించేముందు వచనాల నంబర్లు ఇంకోసారి సరిచూసుకోండి.