బొల్లి గద్ద గూడు కింద కూర్చోవడం ఎలాగంటే

మిల్పిటస్, కాలిఫోర్నియా,
జనవరి నెలాఖరు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "వీడు నెల జీతమంతా పోసి ఇంత పొడుగు లెన్సు కొన్నాడక్కా, ఎందుకురా అంటే గద్దల్ని తియ్యడానికిట" అని. నేను నవ్వాను. నేను మొదటిది కొన్నప్పుడు మీ పెద్దనాన్న వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కొన్నావు కదా, అయిపోయింది. ఇంక అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం వదిలేస్తావు. అందుకని రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. నువ్వు తియ్యబోయే బాల్డ్ ఈగిల్‌ని మన పేపర్లలో "బట్టతల గద్ద" అని రాస్తుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. దాని తలనిండా ఈకలే. ఇంగ్లీషులో ఆ "బాల్డ్" అనే మాటకి పాతకాలంలో తెల్లమచ్చ అని అర్థం. మన ఊళ్లో మొహాన తెల్లమచ్చ ఉన్న ఆవుని బొల్లావు అనేవాళ్లం కదా, అలాగన్నమాట. నా మటుకు నాకు ఇది బొల్లి గద్ద. అమ్మమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు కారులోంచి దీన్ని చూసి, చేతులు జోడించి "కృష్ణ కృష్ణ" అంది. తప్పేం లేదులే. గోదావరి రేవులో పంటు మీద వెళ్తుంటే నెత్తిన తిరిగే గరుడ పక్షికీ తెల్లతలే, గోధుమరంగు ఒళ్లే, చేపలే తిండి. కాకపోతే గరుడ రెక్కలు చాపితే నాలుగడుగులు. ఇది ఆరున్నర, ఏడు అడుగులు. ఆడది మగదానికంటే పెద్దది.

ఇవి మన కళ్లముందు ఉన్నాయంటేనే గొప్ప. 1963లో అలాస్కా వదిలేసి మిగతా అమెరికా మొత్తం లెక్కపెడితే గూళ్లు కట్టుకున్న జంటలు 417 తేలాయి. పొలాల మీద చల్లిన డీడీటీ అనే పురుగుమందు నీళ్లలోకి, నీళ్లలోంచి చేపల్లోకి, చేపల్లోంచి వీటి ఒంట్లోకి చేరింది. గుడ్డు పెంకు పల్చబడిపోయింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. 1972లో ఆ మందుని నిషేధించారు. 2007లో ఈ పక్షిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోంచి తీసేశారు. 2021లో సర్కారు వెలువరించిన అంచనా 71,400 జంటలు. కాలిఫోర్నియా మటుకు తన జాబితాలోంచి ఇంకా తియ్యలేదు.

అలా పెరిగి పెరిగి, 2017లో ఒక జంట వచ్చి మా ఊళ్లో కర్ట్నర్ ఎలిమెంటరీ స్కూలు దగ్గర రెడ్‌వుడ్ చెట్టెక్కింది. చుట్టూ ఇళ్లు, కార్లు, ఇంటర్వెల్లో పిల్లల కేకలు. కొండల్లో అంత రిజర్వాయరు పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చాయా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేను ఆ వారమే బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని వెళ్లాను, అప్పట్నుంచీ వెళ్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఇంకోచోట, పేరెందుకులే, ఒక చెరువుగట్టున గూడు ఉండేది. ఫిబ్రవరి. బాటమీంచి చూస్తే కొమ్మ అడ్డొస్తోంది. ఇంకో యాభై అడుగులు దిగితే బావుంటుందనిపించి దిగాను. గుడ్ల మీద కూర్చున్న పక్షి తల ఎత్తి నన్నే చూసింది. "ఆహా, కెమెరా వైపు చూస్తోంది" అని మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని. ఇంకో పది అడుగులు వేశాను. అది లేచి వెళ్లిపోయింది. చలిగాలి. పైన రెండు కాకులు. నేను వెనక్కి పరిగెత్తి కారులో కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాను. పదకొండు నిమిషాలకి తిరిగొచ్చింది. ఆ ఏడు ఆ గూట్లో పిల్ల కాలేదు. నా వల్లో కాదో ఎవరూ చెప్పలేరు. ఆ ఫొటో మటుకు, నా వైపు సూటిగా చూస్తున్నది, చాలా బాగా వచ్చింది. ఎవరికీ చూపించను.

కాబట్టి నీకు నేను చెప్పేది ప్రధానంగా ఇదొక్కటే: అది నిన్ను చూస్తోందంటే నువ్వు ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. ఈకలు సవరించుకుంటున్నా, కునుకు తీస్తున్నా, పుల్ల సర్దుతున్నా నువ్వు సరైన చోట ఉన్నట్టు. ఒళ్లు బిగబట్టి, మెడ సాచి, నీ వైపే చూస్తూ కూతపెట్టిందా, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి నడువు.

సర్కారు మార్గదర్శకాల్లో నడిచే మనుషులకి చెప్పిన దూరం 330 అడుగులు, ఇంచుమించు నూరు మీటర్లు. స్కూలు దగ్గర ఇది ఎలా కుదురుతుంది పెద్దమ్మా అంటావేమో. అక్కడి పక్షులు మనుషుల్ని చూసే కట్టుకున్నాయి, పేవ్‌మెంట్ మీద నించుంటే పట్టించుకోవు. కానీ ఆ అలవాటు కొండల్లోని గూడు దగ్గరికి తీసుకెళ్లకు. మనిషి మొహం ఎరగని గద్ద వేరు, రోజూ స్కూలు బెల్లు వినే గద్ద వేరు. డ్రోను మాట నా దగ్గర ఎత్తకు. 1940 నాటి చట్టం ఒకటుంది, గద్దని చంపడమే కాదు, గూడు వదిలి పోయేలా బెదరగొట్టినా నేరమే. మొదటి తప్పుకే లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాది జైలు వెయ్యొచ్చు. వీసా మీద ఉన్నవాడివి, గుర్తుంచుకో.

ఈకలదీ అదే చట్టం. కింద రాలిన ఈక తీసుకున్నా తప్పే. మా మనవరాలు ఒకసారి మూరెడు ఈక పట్టుకొచ్చి పుస్తకంలో పెట్టుకుంటానంది, నెమలీక లాగా. ఏడ్చినా సరే ఉన్నచోటే పెట్టించాను. ఈ దేశపు ఆదివాసులకి వాళ్ల పూజలకని కొలరాడోలో ఒక కేంద్రం నుంచి ఇస్తారు, వాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి.

ఇంక ఎప్పుడు రావాలి. ఇప్పుడే రావాలి. జనవరిలో ఇద్దరూ పుల్లలు తెచ్చి పాత గూటినే బాగుచేసుకుంటారు. ఏటేటా కొత్త వరస పేరుస్తారు కాబట్టి గూడు పెరుగుతూనే ఉంటుంది. మామూలుగా ఐదారు అడుగుల వెడల్పు. ఫ్లోరిడాలో ఒకదాన్ని కొలిస్తే తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు! పుల్ల తెచ్చేటప్పుడు చూడు, ఆడది మగాయన పెట్టిన పుల్లని తీసి ఇంకోచోట పెడుతుంది. ఆయన మళ్లీ జరుపుతాడు. మన ఇళ్లల్లో సోఫా గొడవే. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫొటోలు ఈ నెలలోవే. జనం మటుకు పిల్లలు పుట్టాకే వస్తారు.

ఫిబ్రవరిలో గుడ్లు. ఒకటి నుంచి మూడు. ముప్పై అయిదు రోజులు పొదగాలి, ఇద్దరూ వంతులేసుకుంటారు. ఈ అయిదు వారాలూ నీకు విసుగు. గూడు అంచు మీద ఒక తెల్లతల, అంతే. అయినా వంతు మారే వేళ కనిపెట్టు. నేను చిన్న నోటుబుక్కు పెట్టుకుని వేళలు రాసుకుంటాను. నాలుగు రోజులు రాస్తే రమారమి ఎప్పుడు మారతారో తెలిసిపోతుంది. ఐదోరోజు అరగంట ముందు వెళ్తే చాలు. కాఫీ చల్లారేలోపు ఫొటో దొరుకుతుంది.

కూర్చునే తీరు మారి, కాస్త పైకి లేచినట్టు కూర్చుని, మాటిమాటికీ కిందికి వంగి చూస్తోందంటే పిల్ల బయటికొచ్చిందని. మార్చిలో అవుతుంది. మొదటి రెండు వారాలూ కింద ఉన్నవాళ్లకి పిల్ల కనపడదు. కనపడేది తల్లి ముక్కు మాత్రమే. అంత పెద్ద కొక్కెం ముక్కుతో చేపలోంచి చిటికెడంత తుంచి, తల పక్కకి వంచి, కిందికి అందిస్తుంది. పసిపిల్లకి గోరుముద్ద పెట్టేటప్పుడు మనం కూడా తల అలాగే వంచుతాం, గమనించావా?

జూన్ దగ్గర పడేసరికి పిల్ల తల్లంత అవుతుంది, ఒళ్లంతా ముదురు గోధుమరంగు. కొత్తవాళ్లు దాన్ని చూసి "ఇదేదో వేరే గద్ద" అంటారు. తల తెల్లబడడానికి నాలుగైదేళ్లు పడుతుంది. పుట్టిన పది పన్నెండు వారాలకి ఎగురుతుంది. అంతకుముందు కొమ్మ మీదికి గెంతి, రెక్కలు కొట్టి, మళ్లీ గూట్లోకి దూకుతుంది. ఒక్కోసారి జారి కిందపడుతుంది. అప్పుడు జనం చుట్టూ మూగి ఫోన్లు తీస్తారు, నువ్వు ఆ గుంపులో ఉండకు. తల్లీ తండ్రీ దూరంనుంచి చూస్తూనే ఉంటారు, నేలమీదికే తిండి తెచ్చిపెడతారు. దెబ్బ తగిలిందనిపిస్తే శాన్‌హోసేలో వైల్డ్‌లైఫ్ సెంటర్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ వాళ్లకి ఫోన్ చెయ్యి. నువ్వు మటుకు చెయ్యి వెయ్యకు. చచ్చిపడున్న పక్షిని అసలే ముట్టుకోకు, బర్డ్ ఫ్లూ రోజులివి.

కెమెరా గురించి నీకు నాకంటే ఎక్కువ తెలుసు, అయినా మూడు మాటలు. ఒకటి, మాన్యువల్‌లో పెట్టి తెల్లతలని బట్టే వెలుతురు సర్దు. కెమెరాకి వదిలేస్తే ముదురు ఒంటిని చూసి వెలుగు పెంచేస్తుంది, తల సున్నం పూసినట్టు అయిపోతుంది. పొద్దుటి ఎండలో షట్టరు వేగం 1/2000, లెన్సు ద్వారం ఎఫ్ 6.3, సెన్సరు చురుకు ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టి తల మీద ఈకలు కనపడేదాకా సర్దుకో. రెండు, ఎండతోపాటు గాలి కూడా నీ వీపుకే తగలాలి. పక్షి లేచినా వాలినా గాలికి ఎదురుగానే, కాబట్టి మొహం నీ వైపుంటుంది. మూడు, పదింటి తరవాత తారు నేల వేడెక్కి గాలి అల్లల్లాడుతుంది. ఫొటోలన్నీ మసక. లెన్సు పాడైందేమోనని నేను ఒకసారి రిపేరుకి కూడా పంపించాను! ఏమీ పాడవలేదు, డబ్బులే పోయాయి. ఎండ ముదిరాక ఇంటికి పోయి పడుకో.

ఇంకోటి చెప్తే నవ్వకు. ఎగిరే ముందు అది ముందుకి వంగి, తోక ఎత్తి, తెల్లగా రెట్ట ఒక్క చిమ్ము చిమ్ముతుంది. అప్పుడు వేలు బటన్ మీద ఉండాలి. ముప్పావు వంతు నా ఎగిరే ఫొటోలకి అదే ముహూర్తం. అన్నట్టు, సినిమాల్లో గద్ద కనపడగానే ఒక గంభీరమైన కేక వేయిస్తారే, అది దీనిది కాదు, ఎర్రతోక డేగది. దీని అసలు గొంతు వింటే ఇంత రాజసానికి ఇంత కీచుగొంతా అనిపిస్తుంది.

అక్కడ మనుషులతో ఎలా ఉండాలో కూడా చెప్పాలి. అది స్కూలు. అంత పొడుగు లెన్సు పట్టుకుని పిల్లలు తిరిగే వేళ కంచె దగ్గర నించుంటే ఎవరికైనా గుండె జారుతుంది. తొలిరోజుల్లో ఒకామె వచ్చి "ఎవర్ని తీస్తున్నారు?" అని అడిగింది. నేను నొచ్చుకోలేదు, తప్పు నాది. స్క్రీన్ తిప్పి చూపించాను. ఆవిడే నయం, తరవాత మా వంతు వేళల నోటుబుక్కులో ఆవిడ కూడా రాసేది. శని ఆదివారాలు రా. ఎవరి డ్రైవ్‌వే కీ అడ్డంగా కారు పెట్టకు. గూటి మీదికి ఫ్లాష్ వద్దు, ఫోన్లో గద్ద అరుపులు పెట్టడం అంతకంటే వద్దు. కొండల్లో నీకేదైనా కొత్త గూడు కనపడితే వాట్సాప్ గ్రూపులో పెట్టకు, ఫోన్ ఫొటోల్లో లొకేషన్ తీసెయ్యి. మనవాళ్ల గ్రూపులో ఉదయం పెడితే మధ్యాహ్నానికి బిర్యానీ పొట్లాలతో నలభై మంది దిగుతారు.

రాలేని రోజున దక్షిణ కాలిఫోర్నియాలో బిగ్ బేర్ సరస్సు దగ్గరి జాకీ, షాడో అనే గద్దల జంట గూటి కెమెరా యూట్యూబ్‌లో చూస్తూ ఉండు. గూట్లో లోపల ఏం జరుగుతుందో కిందనుంచి మనకి కనపడదు, అందులో కనపడుతుంది. 2025లో వాటికి మూడు పిల్లలు పుట్టాయి, ఒకటి గాలివానకి పోయింది, రెండు ఎగిరాయి. మీ పెద్దనాన్న, నా లెన్సుని తిట్టిన ఆ మనిషే, అర్ధరాత్రి లేచి ఫోన్ చూసుకునేవారు.

శనివారం ఏడింటికల్లా వచ్చెయ్యి. ఫ్రీమాంట్ నుంచి ఎంతసేపు. మడత కుర్చీ, మంకీ క్యాప్ తెచ్చుకో, పొద్దున్నే చలి ఎముకల్లోకి దిగుతుంది. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంచి, బైనాక్యులర్స్‌తో చూడాలి, ఇది నా షరతు. పులిహోర నేను తెస్తాను. మీ అమ్మ నాకని పంపిన కందిపొడి డబ్బా నీ దగ్గర రెండు నెలల్నుంచి ఉంది, అది మర్చిపోతే గద్దని చూడనివ్వను.

ప్రేమతో,
పెద్దమ్మ