జట్టును అమ్మేస్తే మా అబ్బాయినీ అమ్మేసినట్టేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి కబడ్డీలో మంచి రైడర్. రెండు మూడు చిన్న లీగుల్లో జట్లున్న ఒక కంపెనీ వాళ్లు పోయిన నవంబరులో మా ఇంటికే వచ్చి 3 సీజన్లకు ఒప్పందం రాయించుకున్నారు. సీజన్‌కు 2 లక్షల 40 వేలు అన్నారు, ముందుగా 80 వేలు ఇచ్చారు. ఫిబ్రవరిలో లీగు అయిపోయింది. బాబు అన్ని మ్యాచ్‌లూ ఆడాడు. మిగతా లక్షా 60 వేలు ఇంతవరకూ రాలేదు. ఇప్పుడేమో జట్టును ఇంకో కంపెనీకి అమ్మేశాం, వాళ్లకు ఆడాలి అంటున్నారు. వేరే జట్టులో చేరితే 10 లక్షలు కట్టాలట. గొడవ ఏదైనా ఉంటే బెంగళూరులో వాళ్లు పెట్టే ఆర్బిట్రేటర్ (కోర్టు బయట గొడవ తీర్చే మధ్యవర్తి) దగ్గరే తేల్చుకోవాలట. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. బాబుకి ఏప్రిల్‌లో 18 నిండాయి. కొత్త కాగితం మీద సంతకం పెట్టమని వారం రోజులుగా ఒకటే ఫోన్లు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. పాత ఒప్పందం పేజీల ఫోటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
ఒక తండ్రి

జవాబు: అన్నిటికంటే ముందు, ఆ కొత్త కాగితం మీద మీ అబ్బాయి చేత సంతకం పెట్టించకండి. వాట్సాప్‌లో 'సరే సార్, వస్తాను' అని కూడా రాయనివ్వకండి. కంపెనీ ఇంత తొందరపడడానికి కారణం మీరు పంపిన ఫోటోల్లోనే ఉంది.

ఒప్పందం ఆరో పేజీ చూడండి. మీ అబ్బాయి సంతకం పక్కన నీలం ఇంకుతో నవంబరు తేదీ వేసి ఉంది. అతను పుట్టింది ఏప్రిల్‌లో. అంటే ఆ రోజుకు 17 ఏళ్ల 7 నెలలు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు అన్నిటికంటే పై కోర్టు) తేల్చింది. నేటికీ అదే చట్టం. 18 నిండాక 'అప్పుడు పెట్టిన సంతకానికి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను' అన్నంత మాత్రాన పాత కాగితానికి ప్రాణం రాదు. కానీ మేజర్ అయ్యాక కొత్త షరతులతో, కొత్త ప్రతిఫలంతో ఇంకో ఒప్పందం చేసుకుంటే అది పూర్తిగా చెల్లుతుంది. ఈ సంగతి వాళ్ల లాయర్‌కు తెలిసే ఉంటుంది. అందుకే ఆ ఫోన్లు.

కాబట్టి 3 సీజన్ల కట్టుబాటు, 10 లక్షల జరిమానా, ఈ రెండూ మీ అబ్బాయి మీద నిలవవు.

ఇక జట్టు అమ్మకం సంగతి. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక చిన్న చిన్న లీగులు చాలా వచ్చాయి. ఈ తరహా లీగుల్లో కంపెనీ కొనుక్కునేది ఏమిటో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఫలానా ఊరి పేరుతో ఇన్నేళ్లపాటు జట్టు నడుపుకోవడానికి నిర్వాహకులు ఇచ్చే అనుమతి, జట్టు పేరు, గుర్తు, స్పాన్సర్లతో ఒప్పందాలు, ఆటగాళ్లతో రాసుకున్న కాగితాలు. జట్టు అంటే చట్టం దృష్టిలో ఇవే. వీటిలో ఆస్తిలా చేతులు మారేవి కొన్ని ఉంటాయి. మనిషి చేసే పని మాత్రం అలా మారదు. ఆటగాడి నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందం అతని సమ్మతి లేకుండా ఇంకొకరి చేతికి పోదు. 1962లో ఖర్దా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. ఒప్పందం వల్ల వచ్చే ప్రయోజనాన్ని మామూలుగా బదిలీ చేయవచ్చు కానీ, వ్యక్తిగతమైన ఒప్పందాల్లో కుదరదని, బాధ్యతలను ఎదుటివాడి సమ్మతి లేకుండా బదిలీ చేయలేరని చెప్పింది.

అయితే 'అమ్మేశాం' అన్న మాటను వాళ్లు ఏ అర్థంలో వాడారో చూసుకోవాలి. కంపెనీ షేర్లు చేతులు మారితే కంపెనీ అదే ఉంటుంది, దాని అప్పులూ అలాగే ఉంటాయి. జట్టు హక్కులను మాత్రమే ఇంకో కంపెనీకి ఇస్తే, మీ అబ్బాయి బాకీ పాత కంపెనీ మీదే ఉంటుంది. కొత్తవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వాళ్లను అడగలేరు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూడండి. ఒప్పందం మొదటి పేజీలో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా కొట్టాలి. రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుందో, కంపెనీ ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. ఒకే యజమానులు ఒక్కో జట్టుకు ఒక్కో ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టుకోవడం మామూలే. టీ షర్టు మీద ఉన్న పేరు ఒకటి, మీకు బాకీ ఉన్న కంపెనీ పేరు ఇంకొకటి కావచ్చు. బాకీ కోసం లాయర్ చేత పంపించే నోటీసు తప్పుడు పేరుకు వెళ్తే నెలలు వృథా అవుతాయి.

డబ్బు విషయంలో నేను తియ్యటి మాటలు చెప్పలేను. ఒప్పందం చెల్లదన్న వాదన రెండువైపులా కోసే కత్తి. బొంబాయి హైకోర్టులో రాజ్ రాణి కేసు అని ఒకటుంది, 1949లో తీర్పుల సంపుటాల్లో అచ్చయింది. ఒక మైనర్ నటి తరఫున ఆమె తండ్రి నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు. నిర్మాత ఆ వేషం ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆమె నష్టపరిహారం కోసం వేసిన దావా నిలవలేదు. మీ కంపెనీ లాయర్ ఈ తీర్పు తీసుకురావచ్చు.

దానికి మన జవాబు ఉంది. ఆ నటికి అసలు పని చేసే అవకాశమే రాలేదు. మీ అబ్బాయి సీజన్ మొత్తం ఆడాడు. తన వంతు పూర్తిచేసిన మైనర్ తనకు రావలసింది రాబట్టుకోవచ్చని 1916లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. అది తనఖా కేసే అయినా అందులోని సూత్రం మనకు పనికొస్తుంది. ఇంతకంటే బలమైనది కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా చేసిన పనివల్ల ఇంకొకరు లాభం పొందితే, దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. దీనికి చెల్లే ఒప్పందంతో పనిలేదు. కాబట్టి నోటీసులో 'ఒప్పందం ప్రకారం 1,60,000 ఇవ్వండి' అని మాత్రమే రాస్తే సరిపోదు. 'ఆడించుకున్నారు, లాభం పొందారు, ఆ పనికి మీరే కట్టిన వెల ఇది' అని కూడా రాయించాలి. 80 వేలు తిరిగి ఇమ్మని వాళ్లంటే, ఆడిన మ్యాచ్‌లే దానికి సమాధానం.

ఆ మ్యాచ్‌లకు రుజువులు ఇప్పుడే పోగుచేయండి. స్కోరు షీట్లు, జట్టు జాబితా, ప్రసారమైన వీడియోల లింకులు, హోటల్, ప్రయాణ టికెట్ల మెసేజ్‌లు, 80 వేలు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నీ. మీ అబ్బాయి పాన్ మీద కంపెనీ టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపన్ను) కోసిందేమో చూడండి. కోసి ఉంటే, ఆ డబ్బు దేనికి ఇచ్చారో వాళ్లే ప్రభుత్వానికి చెప్పినట్టు.

'ఒప్పందం ఎలాగూ చెల్లదు కదా, బెంగళూరు నోటీసు వస్తే చించేద్దాం' అని మాత్రం అనుకోవద్దు. మైనర్ సంతకంతో ఆర్బిట్రేషన్ షరతు కూడా కట్టుబడదు. పైగా గొడవలో ఉన్న ఒక పక్షం ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమించడాన్ని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తప్పుపట్టింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా దాదాపు అదే దారిలో నడిచింది. కానీ ఈ అభ్యంతరాలన్నీ సమయానికి రాతలో పెట్టాలి. మీరు పలకకుండా కూర్చుంటే ఏకపక్షంగా అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, ఇచ్చేస్తారు. తర్వాత దాన్ని కొట్టివేయించడానికి తిరిగే ఖర్చు మీ బాకీ కంటే ఎక్కువవుతుంది.

ఒకవేళ మీ అబ్బాయి ఆ రోజుకే మేజర్ అయ్యుంటే ఏమయ్యేదో కూడా చెబుతాను, మీ ఊళ్లో ఇలాంటి కాగితాలు పెట్టుకున్న పిల్లలు ఇంకా ఉండవచ్చు. ఒప్పందం నడుస్తున్న కాలంలో వేరే చోట ఆడవద్దనే షరతు సహేతుకమైతే చెల్లుతుంది. కాలం ముగిశాక కూడా కట్టేసే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 3 ఏళ్ల ఒప్పందం 2003లో ముగిసింది, ఆ తర్వాత వచ్చే ఆఫర్లను ముందు తమకే చూపించాలని ఏజెన్సీ పట్టుబట్టింది, కోర్టు ఒప్పుకోలేదు. ఇక 10 లక్షలు అని రాసుకున్నంత మాత్రాన 10 లక్షలు రావు. అదే చట్టం 74వ సెక్షన్ కింద ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులో సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. అలాగని బాండ్లన్నీ చెత్త కాగితాలని అనుకోకూడదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో 3 ఏళ్లలోపు ఉద్యోగం మానితే 2 లక్షలు కట్టాలనే బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ సంతకం పెట్టినవాడు మేజర్, అధికారి ఉద్యోగం చేస్తున్నవాడు.

మెమోలు అట్టే పెట్టుకునే హక్కు కంపెనీకి లేదు. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. 17 ఏళ్ల పిల్లాడి చదువు కాగితాలు తాకట్టు సరుకు కాదు. నోటీసులో వాటిని 15 రోజుల్లో స్పీడ్ పోస్టులో పంపమని విడిగా అడగాలి. ఇవ్వకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7వ సెక్షన్ కింద ఆ వస్తువులనే తిరిగి ఇప్పించమని దావా వేయవచ్చు. డిగ్రీ అడ్మిషన్ దగ్గరపడితే ఈలోగా బోర్డు నుంచి డూప్లికేట్‌కు దరఖాస్తు చేయండి. పోలీసు స్టేషన్‌కు ఇప్పుడే వెళ్లవద్దని నా సలహా. డబ్బు గొడవ అని పంపేస్తారు, మీరు నీరసపడతారు.

నోటీసుకు జవాబు రాకపోతే నేరుగా దావాకు పోకుండా శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వండి. ఫీజు లేదు. కంపెనీని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరిస్తే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కుటుంబ ఆదాయం పరిమితిలోపు ఉంటే ఉచితంగా లాయర్‌నూ పెడతారు. గడువు మాటకొస్తే, మీ అబ్బాయికి 21 నిండేలోపు దావా పడితే చాలు. కానీ అంతకాలం ఆగకండి. చిన్న లీగుల్లో కంపెనీలు ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. కంపెనీ దివాలా తీస్తే మీరు అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి, డైరెక్టర్ల సొంత ఆస్తి జోలికి పోవడం చాలా కష్టం.

ఈలోగా అతను ఆట మానకూడదు. వేరే జట్టు పిలిస్తే ఈ గొడవ దాచకుండా నోటీసు కాపీ వాళ్లకు చూపించండి. కొత్త ఒప్పందంలో జీతం ఇన్ని రోజులు ఆలస్యమైతే ఆటగాడు బయటికి రావచ్చని, మోకాలికో భుజానికో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు జట్టుదేనని స్పష్టంగా రాయించండి.

మిగిలింది మీ సంతకం. ఏడో పేజీలో మీ పేరు పైన రెండు లైన్లు ఉన్నాయి, ఫోటో మసకగా ఉంది. 'సంరక్షకుడిగా' అని మాత్రమే ఉంటే మీకు భయం లేదు. 'నష్టానికి నాదీ వ్యక్తిగత బాధ్యత' అన్న అర్థంలో ఏమైనా ఉంటే వాళ్లు మీ మీదకు రావచ్చు, అప్పుడు మనం 74వ సెక్షన్ పట్టుకుని అసలు వాళ్లకు జరిగిన నష్టమెంతో చూపించమని అడగాలి. నోటీసు రాసేలోపు ఆ విషయం తేలాలి. పగటి వెలుతురులో ఆ పేజీ మళ్లీ ఫోటో తీసి పంపండి.