సర్టిఫికెట్ పెడితే కేసు కొట్టేస్తారా?

ప్రశ్న: మా చిన్నాన్నగారి అబ్బాయికి ఆరేళ్లుగా విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చికిత్స జరుగుతోంది. మొన్న సంక్రాంతికి ముందు గట్టు తగాదాలో పక్క రైతును గునపంతో కొట్టాడు. ఆయన కోలుకున్నారు గాని కేసు నడుస్తోంది. మతి సరిగా లేదని సర్టిఫికెట్ పెడితే కొట్టేస్తారని ఊళ్లో కొందరు, మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే నార్కో పరీక్ష చేస్తే నటనో కాదో తేలుతుందని మరికొందరు అంటున్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: రెండూ సరికావు. జబ్బు ఉన్నంత మాత్రాన చట్టం ఎవరినీ వదిలిపెట్టదు. పాత శిక్షాస్మృతి 84వ సెక్షనుకు బదులుగా 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రకారం, ఆ పని చేస్తున్న సమయంలోనే, మతిస్థిమితం లేని కారణంగా, తాను చేస్తున్నదేమిటో గాని, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడని తేలాలి. దాన్ని చూపించే బాధ్యత నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషన్ మాదిరిగా సందేహానికి తావులేకుండా రుజువు చేయనక్కరలేదని, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలునని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది.

అందువల్ల కోర్టు కోసం నిందితుడిని పరీక్షించే మానసిక వైద్య నిపుణుడి చూపు గడిచిపోయిన ఆ ఒక్క పూట మీద ఉంటుంది. కూర్చోగానే ఆయన చెప్పవలసిన మొదటి మాట, ‘నేను మీకు వైద్యం చేయడానికి రాలేదు, మీరు చెప్పేది నా నివేదికలో కోర్టుకు వెళుతుంది’ అని. ఆ తరువాతే ప్రశ్నలు మొదలవుతాయి. కొట్టాక గునపం కడిగి గడ్డివాములో దాచాడా, లేక దాన్ని చేత పట్టుకునే రచ్చబండ మీద కూర్చున్నాడా, పోలీసులు వచ్చినప్పుడు ఏమన్నాడు అన్నవి ఒక్కొక్కటే తీర్పు చెప్పవు గాని, సాక్షుల వాంగ్మూలాలతో కలిపి చూస్తే చాలా చెబుతాయి. కుటుంబాలు సంచీ నిండా ఓపీ చీటీలు తెస్తారు. ఘటనకు ముందు వారాల్లో మాత్రలు మానేశాడా అన్న సంగతి మాత్రం తరచు అందులో దొరకదు.

నటన సంగతికి వస్తే, దానికి నార్కో పనికిరాదు. సమ్మతి లేకుండా అది చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సమ్మతితో చేసినా ఆ మత్తులో చెప్పిన మాటలు సాక్ష్యం కావు. నటించేవాడు సాధారణంగా ఉన్న లక్షణాలనూ లేని లక్షణాలనూ కలిపి ఎక్కువ చేసి చెబుతాడు. నిజమైన రోగి చాలాసార్లు తన జబ్బును దాచుకోవాలనే చూస్తాడు. ఈ తేడా ఒక్క గంటలో తెలిసేది కాదు. పలుమార్లు మాట్లాడి, వార్డులో రోజుల తరబడి గమనించవలసి ఉంటుంది.

నిందితుడు ఇప్పుడు విచారణను అర్థం చేసుకొని తన వాదన వినిపించుకోగలడా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. లేడని తేలితే విచారణ వాయిదా పడుతుంది గాని కేసు పోదు. 22వ సెక్షన్ కింద నిర్దోషి అని తేలినా, సురక్షిత సంరక్షణలో ఉంచమనో, పూచీకత్తు మీద బంధువులకు అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది.

ఘటనకు ముందు రెండు నెలల మందుల చీటీలను, ఆ రోజు పొద్దుటి నుంచి అతన్ని ఎవరెవరు చూశారో రాసిన కాగితాన్ని ముందుగా మీ న్యాయవాదికి అందజేయండి.