చెస్ క్లబ్ ఉందేమో చూడండి

ప్రశ్న: మా పాప న్యూజెర్సీలో పబ్లిక్ హైస్కూల్లో టెన్త్ గ్రేడ్. ఎల్‌జీబీటీక్యూ పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి జీఎస్‌ఏ (గే-స్ట్రెయిట్ అలయన్స్) క్లబ్ పెడతామంటే, చదువుకు సంబంధం లేని క్లబ్బులు ఒప్పుకోమన్నారట. ఏం చెయ్యాలి?
- ఒక తల్లి

జవాబు: ముందు స్కూల్ వెబ్‌సైట్లో క్లబ్బుల జాబితా తీయండి. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే పబ్లిక్ హైస్కూలు, పాఠాలతో సంబంధం లేని క్లబ్బు ఒక్కదానికి చోటిచ్చినా, మాట్లాడుకునే విషయం నచ్చలేదని ఇంకోదాన్ని కాదనకూడదు. ఫ్రెంచ్ చెప్పే స్కూల్లో ఫ్రెంచ్ క్లబ్ పాఠం కిందకే వస్తుంది. చెస్ క్లబ్ రాదు. 1990లో మెర్జెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తమాషా ఏమిటంటే, ఆ కేసు క్రైస్తవ క్లబ్ కోసం వేసింది!

అప్లికేషన్ నోటిమాటగా వద్దు. మిగతా క్లబ్బులు నింపే ఫారమే నింపి, ఉద్దేశం రెండు వాక్యాల్లో రాసి, ఈమెయిల్లో పంపమనండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగాలి. సలహాదారుగా ఒక టీచర్‌ని ముందే ఒప్పించుకోవాలి. చాలాచోట్ల ఫైలు ఆగేది ఇక్కడే. క్లబ్ నడిపేది పిల్లలే అయి ఉండాలి. బయటివాళ్లు నడిపినా, మీటింగులకు క్రమం తప్పకుండా వచ్చినా చట్టం రక్షణ పోతుంది. కాబట్టి అమ్మగా మీరు వెనకుండడమే మేలు.

స్కూలుకు ఇంకో దారుంది: పాఠాలతో సంబంధం లేని క్లబ్బులన్నీ ఎత్తేయడం. సాల్ట్‌లేక్ సిటీ బోర్డు 1996లో అదే చేసి, 2000లో వెనక్కి తగ్గింది. ప్రైవేటు స్కూళ్లకు ఈ చట్టం వర్తించదు. టెక్సాస్ 2025లో జీఎస్‌ఏ లాంటి క్లబ్బులను నిషేధిస్తూ చట్టం చేసింది, అక్కడి బంధువులకు ఇదే సలహా ఇవ్వకండి.

ప్రశ్న: మావాడు గే కాదు, స్నేహితుడి కోసం జీఎస్‌ఏలో చేరతానంటున్నాడు. వాడి పేరూ నలుగురి నోళ్లలో పడుతుందా?

జవాబు: చేరినంత మాత్రాన ఎవరు ఏమిటో చెప్పినట్టు కాదు. 1988లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అకాడమీలో ఇలాంటి తొలి క్లబ్బు ఆలోచన తెచ్చింది లెస్బియన్ తల్లి ఉన్న ఒక అమ్మాయి. తను లెస్బియన్ కాదు. పేరు బయటపడేది ఎక్కువగా హాజరు పట్టీ, ఇయర్‌బుక్ ఫొటోల వల్లే. స్కూలు దగ్గరుండే రికార్డుల్లో తమ పిల్లలవి చూసే హక్కు, పద్దెనిమిదేళ్లు నిండేదాకా, తల్లిదండ్రులకు ఫెర్పా చట్టం ఇస్తుంది. అందుకే ఫారంలో అడిగిన పేర్లు తప్ప సంతకాల కాగితం తిప్పొద్దు. ఫొటోకి ఇష్టమున్నవాళ్లే నిలబడాలి.