రెండు బెంచీలు, ఒకే అంకెలు, రెండు ఫలితాలు

హైస్కూలు పిల్లలకు పర్యావరణ పాఠాలు చెప్పడానికి ఎలాంటి సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. పద్నాలుగేళ్లుగా సైన్సు చెబుతున్న అనుభవంతో నా సమాధానం: పిల్లలు లోపల చెయ్యి పెట్టి పాడుచేయడానికి వీలున్నదే మంచిది. సరైన జవాబు నొక్కగానే చప్పట్లు కొట్టి నక్షత్రాలు ఇచ్చేవన్నీ దండగ.

నేను ఎక్కువగా వాడేది నెట్‌లోగో, అంటే జంతువుల్లాంటివాటికి నియమాలు ఇచ్చి తెరమీద నడిపి చూసే ప్రోగ్రాం. 1999లో యూరి విలెన్‌స్కీ రూపొందించారు. ఉచితం. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అందులోనే తోడేళ్లు, గొర్రెల నమూనా ఒకటి ఉంటుంది. దాన్ని తొమ్మిదో తరగతికి మొదటిసారి చూపించిన రోజు నాకింకా గుర్తుంది. 100 గొర్రెలు, 50 తోడేళ్లు. ఒక్క అంకె కూడా మార్చకుండా నడపమన్నాను. ముందు బెంచీ వాళ్ల తెరమీద తోడేళ్లు గొర్రెలన్నిటినీ తినేసి, ఆ తర్వాత తామూ ఆకలితో చచ్చిపోయాయి. వెనక బెంచీలో తోడేళ్లు అంతరించాయి, గొర్రెలు తెరనిండా పరుచుకున్నాయి. "మీరేదో మార్చారు" అని వీళ్లు, "మార్చింది మీరే" అని వాళ్లు. నేను తీర్పు చెప్పలేదు, మళ్లీ నడపమన్నాను. ఈసారి వెనక బెంచీలోనే గొర్రెలు పోయాయి! గొడవ చల్లారింది: ఏ జంతువు ఎటు కదులుతుందో ఆ నమూనాలో ప్రతిసారీ పాచికలు వేసినట్టే తేలుతుంది. ఒకమ్మాయి నోటుపుస్తకంలో గీతలు గీస్తూ ఇరవైసార్లు నడిపి, ఎవరు ఎన్నిసార్లు మిగిలారో లెక్క రాసింది. "ఒక్కసారి చూసి చెప్పేయకూడదు టీచర్" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఎవరికీ ఎక్కేది కాదు.

తర్వాత గడ్డి కూడా తరిగి మళ్లీ మొలిచేలా మార్చాం. రెండు జాతులూ పెరుగుతూ తగ్గుతూ చాలాసేపు నిలిచాయి. అప్పుడొకబ్బాయి "గొర్రె ఈనడానికి 4 శాతం అవకాశం అని ఎవరు పెట్టారు?" అని అడిగాడు. లోపలి ప్రోగ్రాం తెరిచి చూపించాను. వానాకాలం ఏది, జబ్బులు ఏవి, వేటగాడు ఏడి అంటూ అందులో లేనివాటి జాబితా తయారుచేశారు. ఆ ఏడాది పరీక్షలో మాత్రం ఆహారపు గొలుసును నిర్వచించమన్నారు. ఇరవైసార్లు లెక్క రాసిన పిల్లకు దానికి మార్కులు ఎక్కడివి?

ఒకసారి పాఠశాలకు కొనిచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చెట్టు బొమ్మ నొక్కితే ఆకాశంలో పొగంతా మాయమయ్యేది. పిల్లలకు ఇలాంటి అబద్ధం నేర్పడం నాకు భరించరానిది. దానికి బదులు ఎన్-రోడ్స్ తెరవండి, మనం తీసుకునే చర్యలతో భూమి వేడి ఎంత మారుతుందో లెక్కగట్టి చూపే ప్రోగ్రాం. క్లైమేట్ ఇంటరాక్టివ్ సంస్థ ఎం.ఐ.టి. వాళ్లతో కలిసి చేసినది, అదీ ఉచితమే. చెట్లు నాటే స్లైడర్‌ను చివరిదాకా జరిపినా 2100 నాటి ఉష్ణోగ్రత కొంచెమే తగ్గుతుంది. పిల్లల ముఖాలు వాడిపోతాయి, నిజమే. కానీ కార్బన్‌ ధర (కార్బన్ వదిలినందుకు కట్టించే రుసుము) పెంచి చూద్దాం, బొగ్గు తగ్గించి చూద్దాం అని వాళ్లే మొదలుపెడతారు.

కంప్యూటర్లు చాలవని ఆగిపోకండి. ముగ్గురికి ఒకటి చాలు, నిజానికి అదే మేలు. మనిషికొకటి ఇచ్చిన ఏడాది ఎవరి తెర వాళ్లు చూసుకున్నారు. ఫలితాలు వేరుగా వచ్చాయన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు.